గొంతుకు వంతు కావాలి

కోనసీమలో ఏ ఊరి సెంటరులో నిలబడ్డా కరెంటు స్తంభానికి కట్టిన ఇంటర్నెట్ బ్యానర్ ఒకటి కనిపిస్తుంది. 50 ఎంబీపీఎస్, 100 ఎంబీపీఎస్, 200 ఎంబీపీఎస్ అని పెద్దపెద్ద అంకెలు ఉంటాయి. ఆ అంకెలు అబద్ధమని నేను అనను. అయితే కువైట్ నుంచి కూతురు చేసే ఫోను కోసమే కనెక్షన్ పెట్టించుకున్న ఇంటికి ఆ అంకెతో పెద్దగా పని లేదు. ఆ ఇంటికి కావలసింది వేరు. దాన్ని ఎవరూ బ్యానర్ మీద వేయరు, కొలిచి చూపించరు, అడిగితే కొత్త సంగతి విన్నట్టు చూస్తారు. మన మాట దారిలో ఎక్కడా వరుసలో నిలబడిపోకుండా అవతలి చెవికి చేరాలి. అంతే. నెట్‌వర్కుల పని చేసి బతికేవాడిగా, రాజోలు దీవిలో పుట్టి పెరిగినవాడిగా ఈ ఒక్క విషయం మీద నాకు చాలా పట్టుదల ఉంది. అందుకే ఇంత పొడవుగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఇంటర్నెట్ మీద మాట్లాడేటప్పుడు మన గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో ప్యాకెట్‌లో పెట్టి పంపుతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. 1972లో ప్రమాణంగా వచ్చిన జీ.711 అనే పాత కోడెక్ (గొంతును అంకెలుగా మార్చే పద్ధతి) గొంతును సెకనుకు 64 కిలోబిట్లుగా మారుస్తుంది. ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట, చిరునామాలూ క్రమసంఖ్యలూ రాసుకోవడానికి మరో 40 బైట్లు. అన్నీ కలిపితే సెకనుకు 80 కిలోబిట్లు. 2012లో వచ్చిన ఓపస్ కోడెక్ అందులో మూడో వంతుతోనే అంతకంటే నిండుగా గొంతును వినిపించగలదు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో పాత పద్ధతిలోనైనా వెయ్యికి పైగా కాల్స్ ఒకేసారి పట్టాలి. ఒకే ఒక్క కాల్ తెగిపోతున్న ఇంట్లో 100ను 200 చేస్తే ఏం మారుతుంది? చాలా ఇళ్లలో ఏమీ మారదు. ప్లాన్ పెంచుకుని, డబ్బు ఎక్కువ కట్టి, అదే తెగిన గొంతు వింటున్న కుటుంబాలు నాకు తెలుసు.

గొంతు ఎంత మోతాదులో వెళ్తుందన్నది ఇక్కడ సమస్య కాదు. ఎప్పుడు చేరుతుందన్నదే సమస్య. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం తన జీ.114 సిఫారసులో చెప్పింది. ఈ 150ని ఇంటి బడ్జెట్‌లా ఖర్చు రాసి చూస్తే విషయం తేలిపోతుంది. కాంతి ఫైబర్‌లో కిలోమీటరుకు 5 మైక్రోసెకన్ల చొప్పున ప్రయాణిస్తుంది. మన తీరం నుంచి కువైట్‌కు కేబుళ్ల వంకరలన్నీ కలిపి ఆరు వేల కిలోమీటర్లు అనుకున్నా దూరానికి పోయేది 30 మిల్లీసెకన్లే. గొంతును ముక్క కోయడానికి 20. అవతలి ఫోనులో ప్యాకెట్లను సర్దుకోవడానికి ఒక 60. మొత్తం 110. ఇక మిగిలింది 40. దారిలో ఉన్న రూటర్లన్నీ, ఇవతలి వైఫై, అవతలి సిగ్నలు, అన్నీ ఈ 40లోనే సర్దుకోవాలి. సముద్రం మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టడం లేదని ఈ లెక్క చెబుతోంది.

ప్యాకెట్లను సర్దుకోవడం అన్నాను. ప్యాకెట్లు బయలుదేరేటప్పుడు సమానమైన ఎడంతోనే బయలుదేరతాయి. దారిలో ఒకటి ఆగదు, తర్వాతిది ఎక్కడో ఆగుతుంది, దాని వెనుక మూడు ఒకేసారి వచ్చి పడతాయి. ఈ హెచ్చుతగ్గులనే జిట్టర్ అంటారు. అవతలి ఫోను వచ్చిన ప్యాకెట్లను కొద్దిసేపు ఆపి, వరుస సరిచేసి, సమానంగా వినిపిస్తుంది. ఎక్కువసేపు ఆపితే గొంతు నునుపుగా ఉంటుంది కానీ ఆలస్యం పెరుగుతుంది. తక్కువసేపు ఆపితే ఆలస్యం తగ్గుతుంది, మాటలో గండ్లు పడతాయి. వేళ దాటాక వచ్చిన ప్యాకెట్‌ను పారేయడం తప్ప వేరే మార్గం లేదు. అందుకే గొంతుకు సంబంధించినంతవరకు ఆలస్యంగా రావడమూ రాకపోవడమూ ఒకటే. సినిమా చూసేటప్పుడు ఈ బాధ లేదు. రాబోయే నిమిషాన్ని ముందే తెచ్చి ఫోనులో పెట్టుకోవచ్చు. ఎదుటి మనిషి ఇంకా అనని మాటను ముందే తెచ్చి పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వీడియోలు నిక్షేపంగా ఆడుతున్న ఇంట్లోనే ఫోను తెగిపోవడానికి కారణం ఇది. ‘నెట్ బాగానే ఉంది కదా, సినిమా వస్తోంది కదా’ అనే వాదన ఇక్కడే దారి తప్పుతోంది.

ఆలస్యం మనుషులకు ఏం చేస్తుందో చెప్పకుండా ఈ అంకెలు ఎన్ని రాసినా ప్రయోజనం లేదు. మా పిన్ని కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆవిడ పని ముగించుకుని ఫోను చేతిలోకి తీసుకునేసరికి అక్కడ రాత్రి తొమ్మిది, ఇక్కడ పదకొండున్నర. అమ్మమ్మ అప్పటిదాకా మేలుకునే ఉంటుంది. ‘మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా’ అని పిన్ని అడుగుతుంది. ఆ ప్రశ్న ఇక్కడికి వచ్చి, జవాబు అక్కడికి చేరేలోగా ఒక సెకను గడిచిపోతుంది. అవతల పిన్నికి వినిపించేది మౌనం. ఏదో దాస్తోందేమోనని మళ్లీ అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న వచ్చి అమ్మమ్మ మొదటి జవాబు మీద పడుతుంది. ఇద్దరూ ఆగిపోతారు. ‘చెప్పమ్మా’, ‘నువ్వే చెప్పవే’ అనే మాటలు కూడా ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఇలా నాలుగుసార్లు జరిగాక అమ్మమ్మ ‘బాగానే ఉన్నాను, పడుకో’ అని ముగించేస్తుంది. ఫోను పెట్టేశాక నాతో అన్న మాట ఇంకా గుర్తుంది: ‘అదివరకులా మాట్లాడటం లేదురా అది.’

పిన్ని అదివరకులాగే మాట్లాడుతోంది. మధ్యలో ఉన్న వరుస ఆ మాటల నడక మార్చేసింది. ఎవరైనా అవతలివారు జవాబివ్వడానికి తటపటాయిస్తే దాన్ని నెట్‌వర్కు ఆలస్యంగా వినరు, మనసులో మార్పుగా వింటారు. చెప్పుకోవలసినవి మెల్లగా తగ్గిపోతాయి. అప్పు సంగతి, పిల్ల పెళ్లి సంబంధం సంగతి, యజమాని కసురుకున్న సంగతి, ఇవన్నీ ఎదుటివారి ఊఁ కొట్టడం వెంటనే వినిపిస్తేనే నోట వస్తాయి. గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్, దోహా, బహ్రెయిన్‌లకు వెళ్లిన ఆడవాళ్లు, మగవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఈ కాల్ కాలక్షేపం కాదు, సంసారం నడిచేదే దాని మీద. యూఏఈలో ఉన్నవారి బాధ మరొకటి. అక్కడ వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు, బోటిమ్ వంటి అనుమతి పొందిన యాప్‌లే వాడాలి. అది చట్టంతో వచ్చిన చిక్కు, నేను మాట్లాడుతున్న మరమ్మతుతో తీరదు.

మరి ఆ వరుస ఎక్కడ ఏర్పడుతోంది? చాలాసార్లు మన ఇంట్లోనే, టీవీ పక్కన పెట్టిన రూటర్‌లో. మెమరీ చిప్‌లు చౌకబడ్డాక తయారీదారులు రూటర్లలోనూ మోడెమ్‌లలోనూ పెద్దపెద్ద బఫర్లు, అంటే ప్యాకెట్లు తమ వంతు వచ్చేదాకా ఆగే చోట్లు, పెట్టేశారు. ప్యాకెట్ ఏదీ రాలిపోకూడదన్నది వారి ఉద్దేశం. కానీ ఫైళ్లను మోసే టీసీపీ అనే పద్ధతికి ఒక స్వభావం ఉంది. ప్యాకెట్ రాలిపోయేదాకా అది తన జోరు పెంచుతూనే పోతుంది. బఫర్ పెద్దదైతే రాలడం ఆలస్యమవుతుంది, అప్పటిదాకా వరుస పొడవు పెరుగుతూనే ఉంటుంది. 256 కిలోబైట్ల బఫర్ నిండి ఉన్నప్పుడు అప్‌లోడ్ సెకనుకు ఒక మెగాబిట్ అయితే, చివర చేరిన ప్యాకెట్ బయటపడటానికి రెండు సెకన్లు పడుతుంది. పది మెగాబిట్లయినా 200 మిల్లీసెకన్లు. మన దగ్గర మిగిలింది 40 అని మరిచిపోవద్దు. జిమ్ గెటీస్ అనే ఇంజినీరు 2010లో తన ఇంటి కనెక్షన్ ఎందుకు మొరాయిస్తోందో తవ్వి చూసి ఈ జబ్బును లోకం దృష్టికి తెచ్చాడు. బఫర్‌బ్లోట్ అన్న పేరు అప్పుడే ప్రచారంలోకి వచ్చింది.

మన ఇళ్లలో దీన్ని రేపెట్టేది ఎక్కువగా అప్‌లోడ్. పెళ్లి నుంచి వచ్చిన మనవడు ఇంట్లో అడుగు పెట్టగానే అతని ఫోను వైఫై పట్టుకుని, రోజంతా తీసిన ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌కు పంపడం మొదలుపెడుతుంది. అతనికి ఆ సంగతే తెలియదు. పక్క గదిలో అమ్మమ్మ మాట ఆ వీడియోల వెనుక నిలబడి ఉంటుంది. అవతలివారి గొంతు ఇక్కడ స్పష్టంగా వినిపిస్తూ, మన గొంతు మాత్రం వారికి తెగిపోతోందంటే మొదట అనుమానించవలసింది దీన్నే.

వైఫై సంగతి క్లుప్తంగా చెబుతాను. మండువా ఇళ్ల మందపు గోడలు దాటి 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వెనుక గదికి చేరవు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు మూడే కాబట్టి పక్కింటి రూటర్‌తో పేచీ తప్పదు. రూటర్‌ను ఇంటి నడుమకు మార్చితే చాలావరకు తగ్గుతుంది. మొబైల్ డేటా మీద ఆధారపడిన ఇళ్లకు కొబ్బరితోటలు అడ్డు. ఆకులు సిగ్నలును మింగేస్తాయి, తడిసిన ఆకులు మరింతగా.

ఆపరేటర్ వైపు వరుస వేరు. ఊళ్లోకి వచ్చే జీపాన్ అనే రకం ఫైబర్ డౌన్‌లోడ్ వైపు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు మోస్తుంది, దాన్ని 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. అక్కడ ఇరుకు అరుదు. ఇరుకంతా ఆ చిన్న ఆపరేటర్ పై సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్న లింకులో. రాత్రి ఎనిమిది తర్వాత క్రికెట్టూ సినిమాలూ సీరియళ్లూ ఒకేసారి దిగుతున్నప్పుడు ఆ లింకు నిండిపోతుంది. మా వైపు ఒక కేబుల్ ఆపరేటర్‌తో ఈ విషయం చాలాసేపు మాట్లాడాను. ‘ఫిర్యాదు వస్తే మా కుర్రాడు వెళ్లి స్పీడ్ టెస్ట్ చేసి చూపిస్తాడండీ. అంకె సరిగ్గా వస్తే మా వైపు లోపం లేనట్టే కదా’ అన్నారాయన. ఆయన నిజాయితీగానే అన్నారు. ఆయన చేతిలో ఉన్న కొలబద్ద అదొక్కటే. ఆ కుర్రాడు వెళ్లేది మధ్యాహ్నం పూట, లింకు ఖాళీగా ఉన్నప్పుడు. పరీక్షించేది వేగాన్ని, ఫిర్యాదు ఆలస్యం గురించి. ఆ ఇంటివాళ్లకు మాత్రం ‘మీ ఫోనే పాతది’ అన్న తీర్పు మిగులుతుంది.

ఈ డెల్టాలో పుట్టినవారికి ఇలాంటి అన్యాయం కొత్తది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి నేటి బరాజ్ దాకా, హెడ్ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్న లెక్క ఒకటి, శివారు చేనుకు నీరు అందిందా అన్న లెక్క మరొకటి. దాళ్వాలో నీరు తగ్గినప్పుడు వంతులు పెట్టేది అందుకే. ఎగువ రైతు రోజంతా తూము తెరిచి పెట్టుకుంటే కాలువ నిండుగా ఉన్నా చివరి అరెకరం ఎండిపోతుంది. ఆ అరెకరానికి కావలసింది కొద్ది నీరే, కానీ వేళకు కావాలి. గొంతు ప్యాకెట్‌ది సరిగ్గా ఆ శివారు చేను పరిస్థితి.

నెట్‌వర్కు పండితులు వంతుల గురించి ఆలోచించలేదని కాదు. 1997లో ఆర్‌ఎస్‌వీపీ అనే పద్ధతి వచ్చింది. కాల్ మొదలయ్యే ముందే దారి పొడవునా ప్రతి రూటర్‌లో చోటు కేటాయించుకోవాలని దాని ఆశయం. లక్షల కాల్స్‌ను ప్రతి రూటరూ గుర్తుపెట్టుకోవలసి రావడంతో అది పెద్ద ఇంటర్నెట్‌లో నిలవలేదు. 1998లో డిఫ్‌సర్వ్ వచ్చింది. ప్యాకెట్ మీదే ఒక అంకె రాయడం, గొంతు అయితే 46, ఆ అంకె చూసిన రూటర్ దాన్ని ముందు పంపడం. ఒకే సంస్థ నెట్‌వర్కులో ఇది చక్కగా పనిచేస్తుంది, హైదరాబాదులో నేను పనిచేసిన కార్యాలయాల్లో దీన్నే నమ్ముకున్నాం. కానీ ఒక సంస్థ రాసిన అంకెను మరో సంస్థ ఎందుకు నమ్మాలి? హద్దు దాటగానే చాలాచోట్ల ఆ అంకెను చెరిపేస్తారు. అక్కడి నుంచి గొంతు అన్నిటితో పాటే.

దీనికి మంచి ఉదాహరణ మన జేబులోనే ఉంది. 4జీ ప్రమాణాల్లో వోల్టీ కాల్‌కు, అంటే సిమ్ నంబరు మీద చేసే మామూలు 4జీ కాల్‌కు, ఒకటో తరగతి దారి ఉంది. దానికి కొంత వేగం ఎప్పుడూ పక్కన పెట్టి ఉంచుతారు, 100 మిల్లీసెకన్ల ఆలస్యం మించకూడదన్న లక్ష్యమూ ఉంది. అదే ఫోనులో అదే టవర్ మీద వాట్సాప్ కాల్ చేస్తే అది మామూలు డేటాతో, సాధారణంగా 300 మిల్లీసెకన్ల లక్ష్యమున్న తొమ్మిదో తరగతిలో వెళ్తుంది. రెండూ ప్యాకెట్లే, రెండూ ఒకే గొంతు. సంస్థ తన సొంత సేవకు వంతు ఇవ్వగలిగింది, ఇచ్చింది. కాబట్టి ఇది సాధ్యం కాదన్న మాట నేను ఒప్పుకోను.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. గొంతుకు ముందు దారి ఇవ్వమంటే నెట్ న్యూట్రాలిటీని, అంటే ఇంటర్నెట్‌లో ఎవరి డేటానూ వేరుగా చూడకూడదన్న సూత్రాన్ని, వదులుకోమన్నట్టు కాదా? డబ్బున్న యాప్ ముందు దారి కొనుక్కోదా? ఈ భయం నాకూ ఉంది. 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించినప్పుడు, 2018 జులైలో కేంద్రం నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించినప్పుడు నేను సంతోషించినవాడినే. ఏ సంస్థ కాల్స్‌నూ మరో సంస్థ కాల్స్ కంటే ముందు పంపకూడదు. ఆ గీత దాటితే మనం ఓడిపోయినట్టే. అందుకే నేను కోరుతున్నది అంకెలు చూసి ముందు పంపే పద్ధతి కాదు. ఎవరు పంపారో, ఏ యాప్‌దో చూడకుండా, ప్రతి ప్రవాహానికీ (ఒక కాల్ ఒక ప్రవాహం, ఒక వీడియో మరొకటి) విడి వరుస పెట్టి, ఒక్కోదాని నుంచి కొద్దికొద్దిగా తీసి పంపే పద్ధతి.

అది ఊహ కాదు. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్‌సన్ 2012లో కోడెల్ అనే ఉపాయాన్ని ప్రకటించారు. ప్యాకెట్లు వరుసలో నిలబడే సమయం 5 మిల్లీసెకన్లకు మించి 100 మిల్లీసెకన్ల పాటు తగ్గకపోతే, ప్యాకెట్లను రాల్చడం మొదలుపెట్టి, పంపుతున్నవారికి జోరు తగ్గించమని చెబుతుంది. దానికి విడి వరుసలు జోడిస్తే ఎఫ్‌క్యూ కోడెల్. అదే ఏడాది చాలా రూటర్లకు ఆధారమైన లినక్స్‌లో చేరింది, 2018 జనవరిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ప్రయోగాత్మక పత్రంగానూ వచ్చింది. ఇందులో గొంతును గుర్తుపట్టవలసిన అవసరమే లేదు. సెకనుకు 50 చిన్న ప్యాకెట్లు పంపే ప్రవాహం తన వాటా ఎప్పుడూ దాటదు కాబట్టి దాని వరుస ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, వచ్చిన ప్యాకెట్ వచ్చినట్టే వెళ్లిపోతుంది. వీడియోలు తమ వెనుక తామే నిలబడతాయి. మాట గుప్త సంకేతాల్లో ఉన్నా ఏ ఇబ్బందీ లేదు, ఎవరూ తెరిచి చూడనక్కర్లేదు. ఇంత పొందికైన పరిష్కారం చేతిలో ఉండగా ఇన్నేళ్లయినా మన ఇళ్లకు వచ్చే చవక పెట్టెల్లో అది లేకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

కొంచెం ఓపిక ఉన్నవారు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టే రూటర్ ఒకటి కొని ఆపరేటర్ పెట్టె వెనుక పెట్టుకుని, అందులో వరుసలను అదుపు చేసే ఎస్‌క్యూఎమ్ ఆన్ చేసి, వేగాన్ని నిజంగా వచ్చేదానిలో 90 శాతం దగ్గర ఆపాలి. పది శాతం ఎందుకు వదులుకోవాలంటే, వరుస ఆపరేటర్ పెట్టెలో కాకుండా మన రూటర్‌లో ఏర్పడాలి. అప్పుడే వంతులు మన చేతిలో ఉంటాయి. మా ఇంట్లో ఇలా చేశాక మనవళ్లు వీడియోలు పంపుతున్నా పిన్ని మాట తెగడం లేదు. ఆపరేటర్ లింకు నిండిన రాత్రుల్లో మాత్రం ఇది చాలదు, అక్కడ ఆయనే చేయాలి. తెలిసినవారికి ఇది గంట పని, తెలియనివారికి కొండ. అందుకే దీన్ని ఒక్కొక్క ఇంటి తెలివికి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామానికి రాష్ట్ర ఫైబర్‌నెట్ వచ్చింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను ఒకే తీగలో ఇస్తామన్న ఆలోచన ఎంత పెద్దదో ఇక్కడివారికి తెలుసు. తీగ చేర్చే పని చాలావరకు అయింది. ఇప్పుడు ఇంటర్నెట్ మీద ఈసంజీవని వంటి వైద్య సేవలు కూడా నడుస్తున్నాయి. పల్లె ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న మనిషి తన ఆయాసం గురించి ఎక్కడో ఉన్న డాక్టరుకు చెబుతున్నప్పుడు మాటలో గండి పడితే, ఆ గండిలో పోయింది ఏ లక్షణమో ఎవరికీ తెలియదు.

ట్రాయ్ 2024 ఆగస్టులో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో వేగంతో పాటు ఆలస్యం, జిట్టర్, ప్యాకెట్ల నష్టం కూడా ఉన్నాయి. మంచి అడుగు. కానీ సగటు అంకె శివారుకు న్యాయం చేయదు. తెల్లవారుజామున 10, రాత్రి తొమ్మిదికి 300 ఉన్న లైనుకు కూడా సగటు అందంగానే ఉంటుంది. రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు మధ్య, లైను నిండి ఉన్నప్పుడు, చివరి స్తంభం దగ్గరి ఇంట్లో ఆలస్యం ఎంత? కొలవవలసింది, ప్రకటించవలసింది ఆ అంకె. దాన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఫాస్ట్ డాట్ కామ్‌లో పరీక్ష ముగిశాక మరిన్ని వివరాలు నొక్కితే లైను ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, నిండినప్పటి ఆలస్యం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటి మధ్య తేడా పదుల్లో ఉంటే ఫరవాలేదు, వందల్లో ఉంటే ఆపరేటర్‌ను పిలిచి ఆ తెర చూపించండి. ప్లాన్ పెంచమని అడగకండి.

కొత్త కనెక్షన్ తీసుకునేవారు సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: మీరిచ్చే పెట్టెలో ఎఫ్‌క్యూ కోడెల్ లాంటిది ఉందా, రాత్రి తొమ్మిదికి మీ పై లింకు ఎంత నిండి ఉంటుంది? మొదట్లో జవాబు రాకపోవచ్చు. పది ఇళ్లవాళ్లు అడిగితే ఆపరేటర్ తన పై సంస్థను అడుగుతాడు. జవాబు చెప్పగలిగినవారికి నెలకు యాభై రూపాయలు ఎక్కువైనా ఇస్తాను, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఏ ఇల్లయినా ఇస్తుందని నా నమ్మకం.